తొడుగు తీసిన పిదప

తాళపత్రప్రతిలో ప్రక్షిప్తమైన పద్యమును గుర్తించి తీసివేయుట యొక యెత్తు. అది యున్న చోట మూలమునకు తగినట్లు సంధానము చేయుట మఱియొక యెత్తు. పాత స్పోర్ట్సు కార్లకు పరులు తగిలించిన తొడుగులను తీయుటయు నిట్టిదే. ఎం.జి.బి. యను ఆంగ్లదేశపు కారునే తీసికొందము.

ఇది 1962 మొదలు 1980 వఱకు ఆబింగ్డన్ పట్టణమున తయారయ్యెను. దీనికి ముందటి ఎం.జి.ఏ.కు చట్రము వేఱు, మేను వేఱు. దీనికి మేనే చట్రము. ఉక్కు రేకు లన్నియు కలిసి భారమును మోయును. ఈ సంగతి మఱువరాదు.

1968లో అమెరికాయందలి సెబ్రింగు పందెమున దీని సోదరియగు ఎం.జి.సి. జి.టి.ఎస్., వెడల్పైన అల్యూమినియపు మడ్‌గార్డులతో పరుగెత్తెను. దానిని చూచి ముచ్చటపడినవారికై పిదప ఫైబర్‌గ్లాసు తొడుగులు వెలసినవి. వెడల్పు చక్రములు పట్టుటకై కొందఱు యజమానులు మడ్‌గార్డు అంచును కోసి, తొడుగును రివెట్లతో బిగించి, సందులను లప్పముతో పూడ్చిరి. వారి కది అందమని తోచెను కాబోలు!

ముందరి మడ్‌గార్డులు మరలతో బిగించినవి గనుక విప్పి క్రొత్తవి పెట్టవచ్చును. చిక్కంతయు వెనుకనే. అచ్చట వెలుపలి రేకును లోపలి రేకును చక్రపు వంపు అంచున కలియును. ఆ అంచును కోసినవాడు రెండు రేకుల బంధమునే కోసినాడు. తొడుగు తీయగనే సందును, దానిలో బురదయు, తుప్పును బయటపడును. మరల లప్పము మెత్తి రంగు వేసినచో చూపునకు కొత్తకారే. కాని శీతకాలమున ఉప్పు చల్లు ఆ దేశపు బాటలపై, లోపలి తుప్పు భారము మోయు రేకును తినుచునే యుండును. కొన్నవాని ప్రాణము దానిమీదనే గదా!

కావున మెఱయు ఉక్కు కనబడువఱకు గీకవలెను. పుచ్చిన భాగమును కోసి, అదే మందముగల రేకును వంచి, రెండంచులను కలిపి వెల్డింగు చేయవలెను. రివెట్ల రంధ్రములకు వెనుక రాగిరేకు నానించినచో, కరగిన ఉక్కు దాని కంటుకొనదు; రాగి వేడిమిని గూడ లాగుకొనును. ఇచ్చట నొక చుక్క, దూరముగ నొక చుక్క పెట్టి చల్లాఱనీయవలెను. తొందరపడి వరుసగా కాల్చినచో పలుచని రేకు కాల్చిన అప్పడమువలె వంకరపోవును.

అటుపిమ్మట ఎపాక్సీ ప్రైమరు, దానిపై లప్పము. లప్పము 2, 3 మిల్లీమీటర్లకు మించరాదని నా మతము. అంతకంటె పల్లమున్నచో సుత్తితో రేకునే సరిచేయవలెను. ఆఱిన పిదప నల్లరంగును తుంపరగా చల్లి, పొడవైన చెక్కకు చుట్టిన ఎమరీ కాగితముతో, మొదట 80, పిదప 180, తరువాత 320 అంకెగల దానితో, అడ్డదిడ్డముగ రుద్దవలెను. మిట్టలపై నలుపు ముందే పోవును, పల్లములందు నిలిచియుండును. కన్నులు మూసికొని అరచేతితో తడిమినచో కంటికి కానరాని అలలు గూడ తెలియును.

రంగు ఆఱినతరువాత రేకుల నడిమి గూటిలో మైనపు ద్రవమును చిమ్మవలెను. అది నీరు జాఱు రంధ్రములను మూయకుండ సన్నని తీగతో పొడిచి చూడవలెను.