తీసివేతలో పెరుగు దోషము

ఒక నిరోధకము రెండు కొనల నడుమ నున్న వోల్టేజిని వోల్టుమీటరుతోను, దానిగుండ పోవు విద్యుత్ప్రవాహమును అమ్మీటరుతోను కొలిచి, మొదటిదానిని రెండవదానిచే భాగించి నిరోధమును తెలిసికొనుట ప్రయోగశాలలలో నిత్యము జరుగు పనియే. అయినను ఆ కొలతలలోని దోషములు గణితముచే తొలగిపోక, గణితము నడచిన త్రోవనే నడచి ఫలములో జొరబడుచున్నవను సంగతి పలువురు గమనింపరు.

హెచ్చవేతయందును భాగహారమందును దోషములను శాతములలో లెక్కింపవలెను. వోల్టేజిలో 1 శాతము, ప్రవాహములో 2 శాతము దోషమున్నచో నిరోధములో సుమారు 3 శాతము వరకు దోషము కలుగవచ్చును. ఆ రెండును పరస్పరసంబంధము లేనివైనచో, వాని వర్గములను కూడి వర్గమూలము గ్రహింపగా వచ్చు 2.2 శాతమే సముచితమగు అంచనా. వోల్టేజి వర్గమునుబట్టి శక్తిని గణించునపుడు వోల్టేజిలోని దోషము ఇంచుమించు రెండింతలగును.

ఇంతవరకు సహింపవచ్చును, తీసివేత సంగతి వేరు. 12 వోల్టుల బ్యాటరీ తీగెలో 0.1 ఓము నిరోధకమును ఉంచి, దాని రెండు కొనలను భూతలముతో పోల్చి వేర్వేరు మీటర్లతో కొలువగా 12.00, 11.80 వోల్టులు వచ్చినవనుకొందము. భేదము 0.20 వోల్టులు, కావున ప్రవాహము 2 ఆంపియర్లు. కాని మీటర్లలో అర శాతము దోషమున్నచో ఒక్కొక్క కొలత 0.06 వోల్టుల మేర అటునిటు కావచ్చును గనుక, ఆ ప్రవాహము 0.8 ఆంపియర్లైనను కావచ్చును, 3.2 ఆంపియర్లైనను కావచ్చును! పూలదండ బరువు తెలియగోరి, దండతో నొకసారి, దండ లేక మరియొకసారి బస్తాల కాటా నెక్కినవాని లెక్క యిట్టిదే: పెద్దరాశులు రెండును పరస్పరము హరించుకొనును గాని వాని దోషములు హరించుకొనవు.

ఆ మీటర్లలో ఒకదానినే నిరోధకము రెండు కొనల నడుమ తగిలించి, తగిన స్కేలుపై ఆ 0.20 వోల్టులనే సూటిగా కొలిచినచో, మీటరువలన కలుగు దోషము అర శాతమును మించదు. శాస్త్రజ్ఞుడు క్రిస్టీ 1833లో వర్ణింపగా వీట్‌స్టన్ 1843లో ప్రసిద్ధికి తెచ్చిన, తెలియని నిరోధమును కొలుచు సేతువు (బ్రిడ్జి) ఈ వివేకమునకు మరియొక నిదర్శనము: గాల్వనామీటరు ముల్లు సున్నవద్ద నిలుచునట్లు సరిచేసినపుడు బ్యాటరీ వోల్టేజి లెక్కలోనికే రాదు, తెలిసిన మూడు నిరోధముల దోషములును, ముల్లు సున్న చూపుటలోని సూక్ష్మతయు మాత్రమే మిగులును.

కావున ఖరీదైన మీటరు కొనుటకు ముందు, ఏ సూత్రముతో గణింపబోవుచున్నామో, అందు దగ్గరిసంఖ్యల తీసివేత యున్నదో లేదో కాగితముపై చూచుకొనుట లాభకరము. ఆ పరీక్షకు పెన్సిలు చాలును.