ఇనుముపై చెక్కిన సాక్ష్యము

గోదావరికి ఒక గట్టున పాల్వంచ అడవులు. రెండవ గట్టున భద్రాచలపు కొండలు. 1860 లో నిజాము ప్రభువు భద్రాచలము, రేకపల్లి తాలూకాలను ఆంగ్లేయులకు వదలుకొన్నది మొదలు 1948 వరకు ఈ అరణ్యము రెండు ప్రభుత్వముల యెల్లగా నుండెను. 1959 లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది. 2014 లో దాని చుట్టునున్న మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు మరలినవి. ఎల్లలు ఇన్ని మారులు మారినను అడవి మాత్రము ఒక్కటియే.

ఈ యడవి చూచిన తుపాకులు కొద్ది కావు. 1879 లో రంప పితూరీ రేకపల్లి సీమకు ప్రాకెను. 1946 మొదలు 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటమున దళములు ఈ యడవులనే యాశ్రయించెను. కావున పొలము దున్నునపుడు తుప్పుపట్టిన తుపాకి ముక్క యొకటి బయటపడినను, పాతయింటి అటకమీది పెట్టెలో బోల్టు ఒకటి కనబడినను, ఊరిలో వెంటనే కథ పుట్టును. అది రజాకార్లదని ఒకరు, దళమువారిదని వేరొకరు, పరదేశము నుండి దొంగచాటుగా వచ్చినదని మరియొకరు చెప్పుదురు. ఆ కథ ఆ యింటివారికి తరతరముల కీర్తియైనను కావచ్చును, తీరని నిందయైనను కావచ్చును. ఇంత భారమును మోయు ముక్కను ముందు చదువవలదా? ఆ యినుము ఎంత చెప్పగలదో, ఎచ్చట మూగవోవునో తెలియుట యావశ్యకమని మాకు తోచుచున్నది.

మన జనులు ‘త్రీనాట్‌త్రీ’ యని పిలుచు లీ ఎన్ఫీల్డు తుపాకినే తీసికొందము. కర్రమడమ ఇనుపభాగముతో కలియుచోట, కుడిప్రక్కన, కిరీటపు గుర్తును, దాని క్రింద కొన్ని అక్షరములును, సంవత్సరమును ముద్రించియుండును. ఇంగ్లండులో చేసిన తుపాకికి ‘జి.ఆర్.’ అని మాత్రముండును. అనగా జార్జి రాజు. కలకత్తా చేరువనున్న ఇషాపూరు కర్మాగారమున చేసినదానికి ‘జి.ఆర్.ఐ.’ అని యుండును. ఆ కడపటి యక్షరము చక్రవర్తి యనుటకు సంకేతము. 1948 జూనులో జార్జి రాజు భారత చక్రవర్తి యను బిరుదమును విడిచెను. తరువాత ఇషాపూరు ముద్రలలో కిరీటము పోయి అశోకుని సింహములు వచ్చెను. ఒక దేశము స్వతంత్రమగుట ఉక్కుమీద కూడ చదువదగియున్నదన్న మాట.

కర్మాగారముల పేళ్ళు సంక్షేపముగా నుండును. బి.ఎస్.ఏ. యనగా బర్మింగుహాము కంపెనీ, ఎల్.ఎస్.ఏ. యనగా లండను కంపెనీ. మొదటి మహాయుద్ధమున తుపాకులు చాలక, పూర్తి తుపాకిని చేయలేని చిన్న కార్ఖానాలకు సైతము ఒక్కొక్క భాగమును చేయు పని పంచిపెట్టిరి; ఆ భాగములను వేరొకచోట కూర్చిరి. రెండవ యుద్ధమున ఆస్ట్రేలియాలో లిత్గో కర్మాగారమునకు తోడు బాథర్‌స్టు, ఫోర్బ్సు, ఆరెంజి, వెల్లింగ్టను పట్టణములందు ఉపశాఖలు వెలసెను. ఏ పట్టణపు ముక్కపై ఆ పట్టణపు మొదటి యక్షరమును, దాని సరసన ‘ఏ’ యను అక్షరమును వేయుచుండిరి. కావున ఒక్క తుపాకిలో నాలుగైదు ఊళ్ళ గుర్తులు కనబడుట వింత కాదు.

ఇంగ్లండులో ఆ యుద్ధకాలమున మరియొక పద్ధతి వచ్చెను. కర్మాగారము పేరు ముద్రించినచో, పట్టుబడిన తుపాకిని చూచి శత్రువు దాని చోటు కనిపెట్టి బాంబులు వేయునేమో యని శంకించి, పేరునకు మారుగా ఒక యక్షరమును అంకెను వాడిరి. ‘ఎన్’ ఉత్తర ప్రాంతము, ‘ఎమ్’ మధ్య ప్రాంతము, ‘ఎస్’ దక్షిణ ప్రాంతము. ‘ఎమ్ 47’ అనగా పైని చెప్పిన బర్మింగుహాము కంపెనీయే. ‘ఎన్ 67’ అనగా మన దర్జీలకు సుపరిచితమైన సింగరు కుట్టుయంత్రముల కంపెనీ! ఇంత దాచినను బాంబులు తప్పలేదు. 1940 నవంబరు 19 వ తేదీ రాత్రి ఆ బర్మింగుహాము కర్మాగారముపై బాంబులు పడి 53 మంది పనివారు మరణించిరి. ఆ చిన్న గుర్తుల వెనుక ఇట్టి ప్రాణములున్నవి.

ఇక మూగవోవు చోటు. సైన్యపు తుపాకి పుట్టిననాటి యవయవములతోనే ముదిమి వరకు ఉండదు. మరమ్మతు శాలలో ఒకదాని పాళా మరియొకదానికి, ఒకదాని దృష్టిగుర్తు వేరొకదానికి మారుచుండును. బోల్టుమీది సంఖ్యయు ఇనుపకట్టుమీది సంఖ్యయు ఒక్కటియైన, ఆ రెండును ఒక్క తుపాకికి చెందినవని తలంపవచ్చును. విడిగా దొరికిన ముక్కయైనచో, అది తాను పుట్టిన చోటును మాత్రమే చెప్పును. ఏ తుపాకిలో నుండెనో చెప్పదు. మరియొక చిక్కు కలదు. ఇషాపూరునందే పాత 303 తుపాకుల గొట్టములను లోపల తొలిచి నునుపుచేసి, ఒక్కొక్క తూటా మాత్రమే పట్టు 410 మస్కెట్లుగా మార్చి పోలీసులకును కావలివారికిని ఇచ్చిరి. అవి దొంగల పాలైనను సైన్యపు తూటాలు వానికి పనికిరావు. పైముద్ర చూచి సైనికుని తుపాకి యనుకొన్నది నిజముగా ఠాణా జవానుదే కావచ్చును.

1948 లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి నిజాము సంస్థానమునకు విమానములపై ఆయుధములు చేరవేసిన సంగతి చదువరులు వినియుందురు. అంతమాత్రమున పరదేశపు ముద్ర కనబడిన ప్రతి ముక్కయు ఆ విమానములలోనే దిగినదనుట చెల్లదు. సామ్రాజ్యపు సేనలన్నియు ఒకే జాతి తుపాకులను మోసినవి. ఒక ఠాణా నుండి దళమునకును, దళము నుండి మరల ప్రభుత్వమునకును చేతులు మారిన తుపాకిపై ఆ చేతుల గుర్తు పడదు. దానిని చెప్పవలసినది ఇనుము కాదు, కాగితము.

ఈ విషయమున అల్లూరి సీతారామరాజు మనకు మంచి పాఠము నేర్పిపోయెను. భద్రాచలపు అడవులకు తూర్పున, ఆ కొండల వరుసలోనే, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి ఆయన 26 తుపాకులు కొనిపోయెను. కొనిపోయినదానిని పుస్తకమున వ్రాసి సంతకము చేసెను! ప్రభుత్వమును ఎదిరించినవాడు లెక్కను దాచలేదు. అందుచేతనే ఆ తుపాకుల సంగతిలో నేటికిని ఊహకు పని లేదు.

కావున చదువరులకు మా మనవి. ఇట్టి ముక్క దొరికినప్పుడు తుప్పు వదలునని ఆకురాయితో రుద్దకుడు. ముద్ర చెరిగిన సాక్ష్యము మరల రాదు. తూటా యున్నచో తాకనే తాకకుడు. ఎచ్చట, ఎంత లోతున, ఏ దినమున దొరికెనో వ్రాసి ఠాణాకు తెలియజేయుడు. 1959 నాటి ఆయుధముల చట్టమున తుపాకి భాగములు సైతము ఆయుధములుగానే యెంచబడును. తుపాకిపై నున్న పేరును, సంఖ్యను చెరుపుట యా చట్టము ఎనిమిదవ సెక్షను క్రింద నిషిద్ధము. తాతగారి నాటిదని అటకమీద దాచుట గౌరవము కాదు, అపాయము.

ప్రభుత్వములకును ఒక మాట. అప్పగించిన ప్రతి ముక్కను పాతయినుముగా కరిగింపక, ముందుగా దాని ముద్రలను ఛాయాచిత్రము తీయించి, దొరికిన చోటుతో సహా పట్టికకు ఎక్కింపవలెను. చరిత్రకు విలువగలవానిని ప్రదర్శనశాలలకు పంపవలెను. ఈ గట్టున నొకరిని వీరుడనియు, ఆ గట్టున నొకరిని ద్రోహియనియు మాటలతో తీర్పు చెప్పుట సులభము. ఇనుము చెప్పినంత విని, చెప్పనిదానిని దాని నోట పెట్టకుండుటయే న్యాయము.