ప్లేట్‌లెట్ల కన్నా ముందు చూడాల్సిన అంకెలు

ప్లేట్‌లెట్లు 42,000. సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టులో ఆ అంకె పక్కన నక్షత్రం గుర్తు. వార్డు బయట నిలబడ్డ బంధువులకు ఫోన్ల మీద ఫోన్లు, "కౌంట్ ఎంతుందంట?" అని. ఇంతకీ ఈ 42,000 మంచి వార్తా, చెడ్డ వార్తా? ఆ ఒక్క కాగితం చూసి ఏ డాక్టరూ చెప్పలేరు. జ్వరం వచ్చిన అయిదో రోజున, నిన్న 90,000 ఉండి ఇవాళ 42,000 అయితే మనిషిని కనిపెట్టుకుని కూర్చోవాలి. ఎనిమిదో రోజున, నిన్న 28,000 ఉండి ఇవాళ 42,000 అయితే ఇంటికి వెళ్లే మాట ఎత్తొచ్చు.

డెంగీలో అన్నిటికన్నా విలువైన అంకె ల్యాబులో దొరకదు. ఇది జ్వరం ఎన్నో రోజు? ఒళ్లు వెచ్చబడిన రోజు ఒకటో రోజు. చాలామంది ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి లెక్క చెబుతారు. మెడికల్ షాపులో అడిగి మాత్ర వేసుకున్న రోజు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్న రెండు రోజులు ఓపీ చీటీ మీదకు ఎక్కవు. ఆ మూడు రోజులు తప్పిపోతే చేయాల్సిన పరీక్ష తప్పుతుంది, ప్రమాదం ఎప్పుడొస్తుందన్న అంచనా కూడా తప్పుతుంది.

ఒక్కో పరీక్షకు ఒక్కో గడువు మరి. దోమ కుట్టిన 4 నుంచి 10 రోజులకు జ్వరం మొదలవుతుంది. అప్పటికే రక్తంలో వైరస్ తిరుగుతుంటుంది, అది వదిలే ఎన్‌ఎస్1 అనే ప్రోటీనూ ఉంటుంది. మొదటి అయిదు రోజులు వెతకాల్సింది దీన్నే. ఆర్‌టీ-పీసీఆర్ పనికొచ్చేదీ ఆ రోజుల్లోనే. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు కదా, వచ్చింది ఏ రకమో తేల్చేది కూడా అదే. అయిదో రోజు దాటాక ఐజీఎం యాంటీబాడీలు బయటపడతాయి, రెండు వారాలకు బాగా పెరుగుతాయి, రెండు మూడు నెలలు ఉండిపోతాయి. రెండో రోజున ఐజీఎం చేయించి నెగెటివ్ వచ్చిందని సంతోషపడినవాళ్లు, ఎనిమిదో రోజున ఎన్‌ఎస్1 చేయించి డెంగీ కాదులే అనుకున్నవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కున్నది ఉత్తుత్తి ధైర్యం.

పావుగంటలో ఫలితం చెప్పే ర్యాపిడ్ కార్డు మీద ఎన్‌ఎస్1, ఐజీఎంలతో పాటు, ఎప్పుడో సోకిన పాత డెంగీని కూడా చూపే ఐజీజీ యాంటీబాడీ గీత ఉంటుంది. అది పాజిటివ్ వస్తే చాలు, ఇంట్లో గొడవ మొదలు. 2017–18లో భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని 15 రాష్ట్రాల్లో 5 నుంచి 45 ఏళ్ల వయసున్న 12,300 మంది రక్తం పరీక్షించింది. 48.7 శాతం మందికి అంతకుముందే ఎప్పుడో డెంగీ సోకి ఉంది. దక్షిణాదిలో ఆ వాటా 76.9 శాతం. అంటే మన వైపు రోడ్డు మీద పోయే నలుగురిని పిలిచి పరీక్షిస్తే ముగ్గురికి ఐజీజీ ఉండొచ్చు, జ్వరమేమీ లేకపోయినా సరే. అందుకని ఐజీజీ గీత ఒక్కటే పట్టుకుని ఇప్పటి జ్వరం డెంగీ అనడం కుదరదు. అలాగని పాత సంగతిని పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. రెండోసారి వేరే రకం వైరస్ సోకినప్పుడే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. అప్పుడు ఎన్‌ఎస్1 రక్తంలోంచి తొందరగా మాయమవుతుంది కూడా.

కార్డులో పాజిటివ్ వచ్చినవాళ్లను ప్రభుత్వం 'సంభావ్య' కేసుల్లోనే ఉంచుతుంది. ఖాయం కావాలంటే ల్యాబులో ఎలైసా పరీక్ష చేయాలి. జిల్లాల్లోని నిఘా ఆసుపత్రులకు ఐజీఎం ఎలైసా కిట్లు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నుంచి వస్తాయి. ప్లేటులో 96 గుంటలుంటాయి. ఒక్క రోగి కోసం ప్లేటు తెరిస్తే మిగతాది వృథా, కాబట్టి నమూనాలు కొన్ని పోగయ్యేదాకా ఆగుతారు. ఫలితం మర్నాటికో ఆ మర్నాటికో వస్తుంది. వార్డులో వైద్యం దానికోసం ఆగదు, ఆగకూడదు కూడా. ఆ ఫలితం రోగి కన్నా ఊరికి ఎక్కువ అవసరం. ఏ వీధిలో దోమల మందు కొట్టాలో దాన్నిబట్టే తేలుతుంది.

ఈ జల్లెడలోంచి కిందికి దిగిన లెక్కే దేశం లెక్క. 2023లో 2,89,235 కేసులు, 485 మరణాలు. వెయ్యి మందిలో ఇద్దరి కన్నా తక్కువే పోయారన్నమాట. కానీ ఆ కేసుల అంకెను పట్టుకుని జబ్బు ఇంతేనని అనుకోలేం. 2006 నుంచి 2012 వరకు ప్రభుత్వ లెక్కలో ఏడాదికి సగటున 20,474 కేసులు నమోదయ్యాయి. మదురై జిల్లాలో ఆసుపత్రుల రికార్డులు తవ్వి, దాని ఆధారంగా దేశానికి లెక్కకట్టిన పరిశోధకులు 2014లో ప్రకటించిన అంచనా ఏడాదికి దాదాపు 57.8 లక్షలు. అంటే 282 రెట్లు. ఎన్‌ఎస్1 ఎలైసా ప్రభుత్వ వ్యవస్థలోకి వచ్చింది 2010లో, అప్పటి నుంచి పరీక్షలు చాలా పెరిగాయి. ఆ 282ను ఇవాళ్టికి అలాగే వాడటం సబబు కాదు. ప్రైవేటు క్లినిక్కుల్లో కార్డుతోనే తేల్చి పంపే జ్వరాలు మాత్రం ఇప్పటికీ పెద్ద లెక్కలోకి సరిగా రావు.

మళ్లీ వార్డులోకి వద్దాం. సీబీపీ కాగితం మీద ప్లేట్‌లెట్లకు కొంచెం పైన, ఎవరూ అడగని అంకె ఒకటుంటుంది. పీసీవీ, డాక్టర్లు హెమటోక్రిట్ అనేది. వంద పాళ్ల రక్తంలో ఎర్ర కణాలు ఎన్ని పాళ్లో అది చెబుతుంది. డెంగీలో మనిషిని ఎక్కువగా దెబ్బతీసేది రక్తం కారడం కన్నా రక్తంలోని నీరు జారిపోవడం. రక్తనాళాల గోడలు వదులై ప్లాస్మా పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళంలో మిగిలింది చిక్కబడుతుంది, పీసీవీ పెరుగుతుంది. మొదట్లో ఉన్నదాని మీద 20 శాతం పెరిగితే నీరు గట్టిగానే జారుతోందని అర్థం.

దగ్గరగా చూడ్డానికి ఒక ఊహా రోగిని తీసుకుందాం. ముప్పై అయిదేళ్ల ఆవిడ, బరువు 50 కిలోలు, హిమోగ్లోబిన్ ఎప్పుడూ 10 దగ్గరే. మూడో రోజున పీసీవీ 30, ప్లేట్‌లెట్లు 1,40,000. అయిదో రోజు పొద్దున జ్వరం దిగింది, ప్లేట్‌లెట్లు 62,000. సాయంత్రానికి 58,000. "యాభై పైనే ఉన్నాయి, జ్వరం కూడా తగ్గింది" అని ఇంటివాళ్లు ఇడ్లీ తెప్పించారు. అదే సాయంత్రం పీసీవీ 37, బీపీ 100/82. రిపోర్టులో ఆడవాళ్ల పీసీవీకి మామూలు హద్దులు 36 నుంచి 46 అని అచ్చయి ఉంటుంది, కాబట్టి 37 పక్కన నక్షత్రం పడదు. కానీ 30 నుంచి 37కు అంటే 23 శాతం పెరుగుదల. బీపీ పై అంకె వంద ఉందని ఊరుకోవడానికీ లేదు. పై అంకెకూ కింద అంకెకూ తేడా 18. ఆ తేడా 20కి దిగిందంటే షాక్ మొదలైనట్టే చూడాలి.

ఇది అరుదైన సంగతేమీ కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం మందికి పైగా తక్కువ పీసీవీతోనే జ్వరంలోకి దిగుతారు. వాళ్ల రక్తం ప్రమాదకరంగా చిక్కబడ్డాక కాగితం మీద 'నార్మల్' అయి కూర్చుంటుంది. అందుకే రెండో రోజో మూడో రోజో చేయించిన మొదటి సీబీపీ కాగితాన్ని పారేయకూడదు. తర్వాతి రిపోర్టులన్నీ దానితో పోల్చి చదవాల్సినవే.

జ్వరం దిగిన ఆ 24 నుంచి 48 గంటలే డెంగీలో గండం. మామూలుగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య వస్తుంది. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడుకోవడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనపడ్డా అంకెల కోసం చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పైన చెప్పిన ఆవిడకు మొదటి గంటలో కిలోకు 5 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ పోతుంది. 50 కిలోలకు 250 నుంచి 500 మిల్లీలీటర్లు. మహా అయితే ఒక అర లీటరు సీసా. ఆ తర్వాత పీసీవీ, నాడి, మూత్రం చూసుకుంటూ వేగం తగ్గించుకుంటూ వస్తారు. ప్రాణం కాపాడే మందు అదే, అంత చవకైనదే.

బంధువుల పరుగు మాత్రం రక్తనిధి వైపు ఉంటుంది. సింగపూర్, మలేసియాల్లోని అయిదు ఆసుపత్రుల్లో ప్లేట్‌లెట్లు 20,000కు దిగిన 372 మంది డెంగీ రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించారు. ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. ఎక్కించినవాళ్లలో 21 శాతం మందికి, ఎక్కించనివాళ్లలో 26 శాతం మందికి రక్తస్రావం కనిపించింది. గణాంకాల ప్రకారం అది తేడా కిందికి రాదు. దుష్ప్రభావాలు మాత్రం ఎక్కించిన జట్టులో 13, ఎక్కించని జట్టులో 2. మన జాతీయ మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేనివాళ్లకు 10,000 కన్నా తగ్గితేనే ముందుజాగ్రత్తగా ఎక్కించవచ్చంటాయి. పైగా అంత కిందికి దిగాక మెషీన్ లెక్క కూడా కచ్చితంగా ఉండదు. పొద్దున 24,000, సాయంత్రం వేరే ల్యాబులో 20,000 వస్తే అది పడిపోవడమే అనుకోనక్కర్లేదు. స్లైడు మీద కళ్లతో చూసిన టెక్నీషియన్ మాట అప్పుడు ఎక్కువ నమ్మదగ్గది.

బొప్పాయి ఆకు రసం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. అయిదో రోజున కౌంట్ పడిపోతే రసం పోస్తారు, ఏడో రోజు నుంచి కౌంట్ పెరుగుతుంది. రసం పోయకపోయినా దాదాపు అందరికీ ఆ రోజుల్లోనే పెరుగుతుంది. తీరా ఘనత ఆకుకు పోతుంది. ఆగని వాంతులున్న మనిషి గొంతులో ఆ చేదు పోయడం కన్నా ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగించడం మేలు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఒళ్లు నొప్పులకని వేసే డైక్లోఫెనాక్ సూది, ఇబుప్రొఫెన్ మాత్ర రక్తస్రావాన్ని పెంచుతాయి.

గండం గడిచాక జారిన నీరు తనంతట తాను వెనక్కి వస్తుంది, రెండు మూడు రోజుల్లో. అప్పుడు పీసీవీ తగ్గుతుంది, మూత్రం ధారాళంగా వస్తుంది. సెలైన్ ఆపాల్సిందీ అప్పుడే. నీరసంగా ఉన్నాడు, ఇంకో రెండు సీసాలు ఎక్కించండని బతిమాలే ఇంటివాళ్లు ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెప్పిస్తుందని తెలియక అడుగుతారు. పారాసిటమాల్ వేయకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, ఆకలి పుట్టి, ప్లేట్‌లెట్లు 50,000 దాటి పెరుగుతుంటే ఇంటికి పంపవచ్చని మార్గదర్శకాలు చెబుతున్నాయి. లక్షన్నర వచ్చేదాకా మంచం అద్దె కట్టనక్కర్లేదు.