పాలపళ్లు సీసం గుట్టు ఎలా చెప్పాయి?

సీసం మన ఒంటికి ఏమాత్రం అవసరం లేని లోహం. గోడల నుంచి రాలే పాత రంగు పెచ్చులు, బ్యాటరీలు కరిగించే చోట పేరుకునే దుమ్ము వంటివాటితో అది లోపలికి చేరుతుంది.

పిల్లలకే ముప్పు ఎక్కువ. ఎందుకు?
పసివాళ్లు నేలమీద పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. మింగిన సీసం పెద్దలకన్నా 4, 5 రెట్లు ఎక్కువగా వాళ్ల ఒంటికి పడుతుంది. శరీరం దాన్ని కాల్షియం అని పొరబడుతుంది. అలా ఎదిగే మెదడులోకి చేరి చదువునీ, ఏకాగ్రతనూ దెబ్బతీస్తుంది. ఎముకల్లో, పళ్లలో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది.

ఈ సంగతి ఎలా తేలింది?
అమెరికా డాక్టర్ హెర్బర్ట్ నీడిల్‌మన్ బోస్టన్ దగ్గరి బడిపిల్లల ఊడిన పాలపళ్లు సేకరించి, వాటిలో సీసం ఎంతుందో కొలిచారు. అది ఎక్కువున్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారని 1979లో వెల్లడించారు. పైకి వాళ్లలో ఏ జబ్బూ కనిపించలేదు!

ఇప్పుడు ఎలా కొలుస్తారు?
రక్తపరీక్షతో. ముందు వేలికొస నుంచి చుక్క తీస్తారు. చర్మం మీది దుమ్ములోని సీసం అందులో కలవొచ్చు. అందుకే ఎక్కువని తేలితే చేతి నరం నుంచి రక్తం తీసి మళ్లీ చూస్తారు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అదెక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హాని చేయని మోతాదంటూ ఏదీ లేదు. కాబట్టి తినే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోండి.