జైలుగోడలు దాటిన ఉత్తరం

న్యూఢిల్లీ: తీహార్ జైలులోని మరణశిక్ష ఖైదీ సునీల్ బాత్రా 1979లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరికి ఉత్తరం రాశాడు. అందులో తన గోడు లేదు. చూడవచ్చిన బంధువుల నుంచి డబ్బు గుంజేందుకు ఒక వార్డరు తోటి ఖైదీని చిత్రహింసలు పెట్టాడన్నది ఫిర్యాదు. ఉరి నీడలో ఉన్నవాడు మరొకరి కోసం కలం పట్టడం విశేషమే.

వకాల్తా లేని ఆ ఉత్తరాన్నే న్యాయస్థానం హెబియస్ కార్పస్ పిటిషన్‌గా స్వీకరించింది. ఇద్దరు న్యాయవాదులను జైలుకు పంపి వాస్తవాలు తెలుసుకుంది. ఖైదీ పడిపోయాడనీ, తానే గాయపరచుకున్నాడనీ జైలు వర్గాలు అల్లిన కథలు నిలవలేదు. జైళ్ళలో ఫిర్యాదుల పెట్టెలు ఉంచాలనీ, జిల్లా మేజిస్ట్రేట్లు, సెషన్స్ జడ్జీలు జైళ్ళను సందర్శించి ఖైదీల మొర ఆలకించాలనీ జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ తీర్పులో ఆదేశించారు.

అంతకుముందే బాత్రా తన కోసం వేసిన పిటిషన్‌పై 1978లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 1894 నాటి జైళ్ళ చట్టంలోని 30వ సెక్షన్ చాటున ఏకాంత ఖైదు విధించే అధికారం జైలు అధికారులకు లేదని తేల్చింది. చార్లెస్ శోభరాజ్ కాళ్ళకు వేసిన ఇనుప సంకెళ్ళ వ్యవహారమూ ఆ తీర్పులోనే పరిష్కారమైంది.

ఈ తీర్పులకు ముందు విశాఖపట్నం కేసు ఒకటి ఉంది. అక్కడి సెంట్రల్ జైలు గోడలపై విద్యుత్ తీగలు అమర్చడాన్ని నక్సలైట్ ఖైదీలు సవాలు చేశారు. వారు కోరిన ఊరట దక్కలేదు. అయితే శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ హరించుకుపోవని 1974లో సుప్రీంకోర్టు ఆ కేసులోనే స్పష్టం చేసింది.