మీకు తెలుసా? నాగవల్లికి ఎప్పుడూ పొరుగు భాషే

2005లో వచ్చిన ‘చంద్రముఖి’ చూడనివాళ్లు షాద్‌నగర్‌లోనే కాదు, జడ్చర్ల దాకా వెతికినా దొరకరేమో. భర్త బయటికి వెళ్లొద్దన్న పాపానికి గంగ కనుగుడ్లు పెద్దవై, గొంతు మారి, మంచాన్ని అమాంతం ఎత్తేసే చోట హాలు హాలంతా గప్‌చుప్. గొంతుతో పాటు అక్కడ భాష కూడా మారుతుంది, గమనించారా? మనం చూసిన తెలుగు డబ్బింగ్‌లో గంగది తెలుగు, ఆమెలోకి వచ్చే చంద్రముఖిది అరవం. ‘వారాయ్’ పాట గుర్తుండే ఉంటుంది. అసలు తమిళ సినిమాలో సంగతి తలకిందులు. అక్కడ గంగ మాట్లాడేది తమిళం, చంద్రముఖి మాత్రం విజయనగరం నుంచి వచ్చిన తెలుగు నాట్యగత్తె. ‘రారా’ పాట అక్కడ తెలుగులోనే సాగుతుంది. చెన్నై శాంతి థియేటర్‌లో 800 రోజులకు పైగా ఆడిన ఆ బొమ్మలో అరవవాళ్లను వణికించింది మన భాషేనన్నమాట!

అంతకు ముందు ఏడాదే, 2004లో, కన్నడంలో ‘ఆప్తమిత్ర’ వచ్చింది. అందులో చంద్రముఖి పేరు నాగవల్లి, ఆమె కూడా తెలుగు మనిషే, ‘రారా’ అక్కడా తెలుగే. వీటన్నిటికీ తల్లి 1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’. మధు ముట్టం కథ, ఫాజిల్ దర్శకత్వం. అందులో నాగవల్లిది తంజావూరు, మాట తమిళం. 2007లో ప్రియదర్శన్ ఈ కథనే హిందీలో ‘భూల్ భులయ్యా’గా తీస్తే అదే పాత్ర మంజులిక పేరుతో బెంగాలీ అయి కూర్చుంది.

మలయాళీలకు తమిళం, తమిళులకు, కన్నడిగులకు తెలుగు, మనకు తమిళం, హిందీవాళ్లకు బెంగాలీ. భయపెట్టే ఆడది ఎవరికైనా పొరుగునుంచే రావాలి కాబోలు. కథకు ఇది బాగా పనికొచ్చిన ఎత్తే, కాదనను. రోజూ మనతో అన్నం తినే మనిషి నోట ఉన్నట్టుండి మరో భాష ఊడిపడితే ఎవరికైనా గుండె జారుతుంది. కాకపోతే నేరమంతా అవతలి భాష మనిషి మీదికి తోసేసి, మన పిల్లను కడిగిన ముత్యంలా ఇంటికి తెచ్చుకునే సౌకర్యం కూడా అందులోనే ఉంది. మా పాలమూరు దిక్కున ఈ ఎత్తు ఎంతవరకు పారుతుందో అనుమానమే. రాయచూరు బస్సులో ఒకే సీటు మీద తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ నడుస్తయి, ఎవరూ జడుసుకోరు.

గంగ గతం ఏమిటి? మలయాళ మాతృకలో దాన్ని చాలా ఓపిగ్గా విప్పారు. తల్లిదండ్రులు ఆమెను పసితనంలోనే అమ్మమ్మ దగ్గర వదిలి కలకత్తా వెళ్లిపోతారు. ఆ పల్లెనే లోకమనుకుని పెరిగిన పిల్లను సరిగ్గా పరీక్ష రోజున తీసుకెళ్లడానికి వస్తారు. ఆ దెబ్బకు మనసు చెదిరింది. పెళ్లయ్యాక పాత బంగళాలో నాగవల్లి కథ వినేసరికి ఆ చీలికలో నాగవల్లి వచ్చి కూర్చుంది. ఇంట్లోవాళ్లు మాత్రం వేరే అమ్మాయిని అనుమానిస్తూ ఉంటారు. ఈ రెండు వేషాలూ వేసిన శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది కత్తి పట్టిన నాగవల్లి ఒక్కతే కాదు, ఏమీ ఎరగనట్టు కాఫీ ఇచ్చే గంగ కూడా అని నా నమ్మకం.

వైద్యులు ఈ లక్షణాలకు 1980లో ‘మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్’ అని పేరు పెట్టారు. 1994లో దాన్ని ‘డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్’గా మార్చారు. చాలామంది దీన్ని స్కిజోఫ్రెనియాతో కలిపేస్తారు, రెండూ వేరు. పైగా సినిమా చూపినట్టు ఈ రోగులు ఊళ్లోవాళ్ల మీద పడి చంపరు. తమకు తామే హాని చేసుకునే ప్రమాదమే ఎక్కువ. ఒక్క రాత్రి పూజతో, బొమ్మను నరికితే కుదిరేది కాదు, ఏళ్ల తరబడి కూర్చోబెట్టి మాట్లాడించే వైద్యం కావాలి.

మరి బోనాల్లో శిగమూగే తల్లి సంగతి? అది రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పదో కూర్పులో పూనకాలకు ఎఫ్44.3 అని ఒక పద్దు ఉంది. అయితే మతాచారాల్లో, సమాజం ఒప్పుకున్న సందర్భాల్లో వచ్చే పూనకాన్ని అందులో లెక్కించరు. మనిషికి ఇష్టం లేకుండా, ఆ సందర్భాల బయట వచ్చి బతుకును అతలాకుతలం చేస్తేనే అది జబ్బు. డప్పు ఆగాక అమ్మ నీళ్లు తాగి, కొంగు సర్దుకుని ఇంటికి పోతే డాక్టరుకు పని లేదు.

చీలిన మనసు కథకే మళ్లీ వస్తే, తెలుగులో సొంతంగా ఆ దారి తొక్కిన సినిమా 2018 నాటి ‘అ!’. నాని నిర్మాత, ప్రశాంత్ వర్మకు దర్శకుడిగా తొలి సినిమా. మేకప్‌కు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి. కాజల్ పాత్ర దాచుకున్న చిన్ననాటి గాయం చివర్లో బయటపడుతుంది. చూడనివాళ్ల కోసం ఇంతకంటే చెప్పను. చేపకు నాని, బోన్సాయ్ చెట్టుకు రవితేజ గొంతిచ్చారని మాత్రం చెప్పొచ్చు.

గతం దాచిన ప్రమాదకారి అంటే స్టీఫెన్ కింగ్ 1987లో రాసిన ‘మిజరీ’లోని నర్సు యానీ విల్క్స్‌ను మించినది లేదు. తను కాపాడి తెచ్చిన రచయితనే గదిలో బంధిస్తుంది. ఆమె దాచిన పేపరు కత్తిరింపుల పుస్తకం అతని చేతికి చిక్కితే, పేజీ తిప్పినకొద్దీ ఆమె చేతుల్లో పోయిన రోగులే. 1990 నాటి సినిమాలో ఆ వేషానికి కేథీ బేట్స్‌కు ఆస్కార్ వచ్చింది. బాలూ మహేంద్ర 2003లో ఆ కథనే తమిళంలో ‘జూలీ గణపతి’గా తీసినప్పుడు, ఆ పాత్ర వేసింది మన గుంటూరు జిల్లా మునిపల్లె ఆడపడుచు, ‘మరో చరిత్ర’ సరిత! తెరపై విజయశాంతి గర్జించిన ఎన్నో సినిమాల్లో వెనకున్న గొంతు కూడా ఆవిడదే.

గొంతు అంటే గుర్తొచ్చింది. ‘మణిచిత్రతాళు’లో శోభన నోట వినిపించే నాగవల్లి గొంతు శోభనది కాదు. గంగకు డబ్బింగ్ చెప్పిన భాగ్యలక్ష్మే నాగవల్లికీ చెప్పిందని కేరళ అంతా 23 ఏళ్లు నమ్మింది. నాగవల్లికి గొంతిచ్చింది దుర్గ అనే తమిళ డబ్బింగ్ కళాకారిణి అని ఫాజిల్ 2016లో బయటపెట్టాడు.