తిత్తులు, లొట్లు, ద్రాక్షారసం

తెలుగు బైబిల్లో వైన్‌ని ‘ద్రాక్షారసము’ అన్నారు. ఆ మాట వినగానే మనకు చెరుకురసం, బత్తాయిరసం గుర్తొస్తాయి. యేసు కాలం నాటి ద్రాక్షారసం కైపెక్కేదా, ఉత్త పళ్ళరసమేనా అని ఆరాధన అయ్యాక చర్చి వరండాల్లో సాగే వాదానికి సగం కారణం ఈ మాటే. కొత్తగూడెం దాటి భద్రాచలం అడవి దారిలో తాటిచెట్లకు వేలాడే లొట్లను చూస్తూ పెరిగినవాళ్ళకు మాత్రం ఈ వాదం కాస్త వింతగానే ఉంటుంది.

గెల గీసి లొట్టి కడితే చుక్కచుక్కగా దిగేది తియ్యటి నీరే. నాలుగు గంటలు గడిచేసరికి నురగ కడుతుంది, పొద్దెక్కేకొద్దీ ఘాటు పెరుగుతుంది. ఎవరూ అందులో ఏమీ కలపక్కర్లేదు. దాన్ని ఆపాలంటేనే పని: లొట్టి లోపల సున్నం పూయాలి. అప్పుడది నీరా. ద్రాక్ష కూడా ఇంతే. పులియబెట్టే సూక్ష్మజీవి పండు తొక్క మీదే ఉంటుంది, తొక్కిన రసం రోజుల్లో పొంగుతుంది. పలస్తీనాలో ద్రాక్షకోత వేసవి చివర, యేసు శిష్యులకు ద్రాక్షారసం పంచిన పస్కా పండుగ వసంతంలో. మధ్య ఆరేడు నెలలు. ఫ్రిజ్ లేని ఊళ్ళో అన్నాళ్ళు రసం రసంగానే ఉండదు కదా! అయితే గ్రీకుల్లాగే యూదులూ దాన్ని నీళ్ళు కలిపే తాగేవాళ్ళు. ఇవాళ్టి సీసాతో దాన్ని పోల్చకూడదు.

కొత్త ద్రాక్షారసాన్ని పాత తిత్తుల్లో పోస్తే పిగిలిపోతాయని యేసు అన్నది ఈ పొంగు గురించే. పులిసేటప్పుడు గాలి పుడుతుంది. కొత్త తోలు సాగుతుంది, ఎండిపోయిన తోలు చిరుగుతుంది. కల్లు సీసాకు బిరడా బిగించి ఎండలో ఉంచి చూసినవాళ్ళకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

మంచి సమరయుడు దెబ్బలు తిన్న బాటసారి గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు. అది పళ్ళరసమే అయితే, పాపం, చీమలు పట్టేవి.

కానా పెళ్ళిలో ఆరు రాతిబానలు. ఒక్కొక్కటి రెండేసి మూడేసి తూములు పడుతుందని తెలుగు బైబిల్ లెక్క. వడ్లు కొలిచే మన తూమునే అనువాదకులు అక్కడ పెట్టారు. మూలంలోని గ్రీకు కొలతను లీటర్లలోకి మారిస్తే, ఆరు బానలూ కలిపి సుమారు 470 నుంచి 700 లీటర్లు. పల్లెటూరి పెళ్ళికి తక్కువేం కాదు.

ద్రాక్షారసం పక్కనే బైబిల్లో ‘మద్యము’ అని ఇంకో మాట వస్తుంది. చాలామంది సారా అనుకుంటారు. కాదు. అది బార్లీతోనో ఖర్జూరంతోనో పులియబెట్టినది. మన ఈతచెట్టు ఖర్జూరానికి తోబుట్టువే కాబట్టి ఈతకల్లును దానికి దగ్గరి చుట్టం అనొచ్చు. బట్టీ పెట్టి సారా దించే విద్య ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు గానీ రాలేదు. వేసవిలో తెల్లవారుజామున రాలిన ఇప్పపూలు ఏరి, నానబెట్టి, కాచి దించే ఇప్పసారా లాంటి సరుకు బైబిల్ మనుషులెవరూ ఎరగరు.

తాగి బట్టలు లేకుండా పడిపోయిన నోవహు, కడుపునొప్పికి కొంచెం పుచ్చుకోమని తిమోతికి రాసిన పౌలు, అసలు ముట్టని రేకాబీయులు - అందరూ ఆ ఒక్క పుస్తకంలోనే ఉన్నారు. ఎవరి పక్షానికి కావలసిన వచనం వాళ్ళకు దొరుకుతుంది.

ఈ పుస్తకం భద్రాచలం అడవికి గోదావరి పనులతో పాటు వచ్చింది. దుమ్ముగూడెం ఆనకట్ట పనుల కోసం వచ్చిన ఇంజనీరు హేగ్ పూనికతో 1860 ప్రాంతంలో అక్కడ కోయల మధ్య మిషన్ మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చాడు. అసలు మద్యమే ముట్టని బాప్తిస్మమిచ్చు యోహాను, తాగుబోతని నిందపడ్డ యేసు - ఇద్దరూ లూకాలో ఉన్నారు.

అదే కాలంలో ప్రభుత్వం కల్లుకు అడ్డుపడింది. ఇంటికోసం గీసుకునే చెట్టు మీదా ఆంక్ష పెట్టి, హక్కును గుత్తేదార్లకు అప్పగించింది. కల్లు మీద వేసే చిగురుపన్ను దానికి తోడు. 1879లో రంప కొండల్లో లేచి రేకపల్లి దాకా పాకిన తిరుగుబాటుకు ఇదొక ముఖ్య కారణం. పండుగకూ చావుకూ కల్లు ధార పోసే జనానికి ఆ చెట్టు గుత్తేదారుది ఎలా అవుతుంది?

ఖమ్మం పక్కన డోర్నకల్‌కు 1912లో తొలి బిషప్ అయిన అజరయ్య, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్. తిరునల్వేలి నాడార్ల బిడ్డ. నాడార్ల కులవృత్తి తాటిచెట్టు ఎక్కడం. పల్లె సంఘాల్లో తాగుడు మాన్పించాలని గట్టిగా పట్టుబట్టింది ఆయనే. కూలిడబ్బు కల్లుదుకాణానికి పోతే ఇంట్లో పొయ్యి వెలగదన్నది ఏ గ్రీకు నిఘంటువులోనూ వెతకనక్కర్లేని సంగతి. నా లెక్కలో మన దగ్గర మద్యనిషేధ బోధకు అసలు బలం అదే. ద్రాక్షారసం పులవలేదని వాదించి దానికి కొత్తగా బలం చేకూర్చనక్కర్లేదు.

ప్రభు బల్లకు పులవని రసం వాడటం కూడా పాత ఆచారమేం కాదు. 1869లో అమెరికాలో వెల్చ్ అనే మెథడిస్టు పళ్ళడాక్టరు, రసాన్ని సీసాల్లో వేడిచేసి పులవకుండా నిలవ ఉంచే ఉపాయం కనిపెట్టాకే అది పాకింది. మన దగ్గర చాలా ప్రొటెస్టెంటు సంఘాల్లో ఇప్పుడు నల్లద్రాక్ష ఉడకబెట్టి వడకట్టిన రసమే. కథోలికుల పూజలో మాత్రం అసలైన ద్రాక్ష వైనే ఉండాలని వాళ్ళ చట్టం.

ఇంకా అనుమానం తీరకపోతే, వేసవిలో భద్రాచలం దారిన వెళ్ళినప్పుడు పొద్దున దించిన లొట్టిని సాయంత్రం ఒకసారి వాసన చూడండి. రుచి చూడక్కర్లేదు.